అప్పుల బంతి

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. వీపుకి గోడ ఆనించుకోండి, కాళ్లు చాపుకోండి, నేనేమీ అనుకోను. చెప్పబోయేది మా ఇంటి సంగతి. దాచుకోవాలనుకున్న రోజులన్నీ అయిపోయాయి కాబట్టి ఇప్పుడు దాపరికం లేదు. నేను అయిదో తరగతి దాటలేదు. కాగితం మీద పెట్టడం ఇదే మొదలు గానీ, తలలో పెట్టుకున్నది మాత్రం ఒక్క ముక్క పోలేదు.

మా ఆయన బొగ్గుబాయిలో దిగే మనిషి. మంచిర్యాల పక్కన మా ఊళ్లో గని అనరు, బాయి అంటారు. నెలకి లక్ష దాటిన జీతం. జిల్లా ఆఫీసులో బల్ల వెనక కూర్చునే ఆయన జీతం కంటే మా ఆయన జీతమే ఎక్కువని మా పక్కింటావిడ లెక్క కట్టి మరీ చెప్పింది. అయినా నెల పదో తారీఖు దాటితే మా ఇంట్లో నూనె సీసా తలకిందులుగా నిలబడేది.

నేను పుట్టింది వేములవాడ దిక్కున, మరమగ్గాల ఇంట్లో. మా బాపుకి శనివారం శనివారం కూలి. ఆ కూలి ఎంతంటే, ఆదివారం మాంసం తెస్తే గురువారానికి పప్పు నీళ్లయ్యేది. అయినా మా బాపుకి అప్పు లేదు. గొప్పతనం కాదు, ఆయనకి ఎవరూ ఇచ్చేవారు కాదు. మా ఆయనకి మాత్రం పిలిచి ఇచ్చేవారు. కంపెనీ నౌకరి కదా, ఒకటో తారీఖు జీతం ఎటూ పోదు కదా అని దుకాణాలవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. టీవీ కావాలా తీసుకుపో అన్నా, ఫ్రిజ్జు కావాలా తీసుకుపో అన్నా. కారు కూడా అట్లాగే వచ్చింది. ఆ కారు ఎక్కి మేము వేములవాడ రెండుసార్లు పోయాం. మిగతా రోజులన్నీ అది టార్పాలిన్ పట్టా కప్పుకుని వాకిట్లో నిద్రపోయింది.

తాగుడు లేదు, పేకాట లేదు. ఎవరు చెయ్యి చాపినా లేదనడం రాని మనిషి, అంతే. తోటి కార్మికుడు బ్యాంకు అప్పుకి జమానతు సంతకం పెట్టమంటే పెట్టాడు. ఆ తోటి మనిషి డ్యూటీకి నాగాలు పెట్టి పెట్టి ఊరిడిచి పోతే, ఆ కిస్తు మా ఆయన జీతంలో కోతపడింది. అదయినా నాకు ఆరునెలల తర్వాత తెలిసింది.

అసలు సంగతి తెలిసింది ఒక జీతాల రోజున. పొద్దున కూరగాయలకి పోయి వస్తున్నాను. ఏటీఎం ముందు పెద్ద వరుస ఉంది. అందరికంటే ముందు మా ఆయనతో పనిచేసే ఆయన ఒకడు ఆ రోజు డ్యూటీ మానుకుని బండి మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పేకముక్కల్లాగా కార్డుల కట్ట, దానికి రబ్బరు బ్యాండు. ఒక్కో కార్డు తీస్తున్నాడు, లోపలికి పోతున్నాడు, వస్తున్నాడు. వరుసలో ఉన్నవాళ్లు ఏమీ అనడం లేదు. వాళ్లలో సగం మంది కార్డులు ఆ కట్టలోనే ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. మూడో కార్డో నాలుగో కార్డో తీశాడు, దాని మీద పచ్చ చిలుక బొమ్మ కనిపించింది. మా బిడ్డ బడికి పోయే రోజుల్లో వాళ్ల బాపు కార్డు మీద అంటించిన చిలుక అది. చేతిలో సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మా ఆయన ఫస్ట్ షిఫ్టు దిగి సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. స్నానం చేసి వచ్చినా కంటి రెప్పల అంచున బొగ్గు ఇంకా కాటుకలాగా ఉంటుంది. అన్నం పెట్టి అడిగాను.

"కార్డు ఏదయ్యా?"

"బీరువల ఉంటది, తియ్యి."

"బీరువల లేదు. చిలుక పొద్దుగాల ఏటీఎం కాడ ఎగురుతుంటె చూసిన."

ముద్ద కంచంలోనే వదిలేశాడు. నీళ్లు తాగాడు. అప్పుడు చెప్పాడు. ఇంటి మీద రెండో స్లాబు వేసినప్పుడు డబ్బు చాలక నాలుగు లక్షలు తీసుకున్నాడట. నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ. కార్డు కుదువ. జీతం పడగానే ఆయన వడ్డీ ఆయన తీసుకుని, మిగిలింది మా ఆయన చేతిలో పెడతాడు. అసలు మాత్రం నాలుగు లక్షలకి నాలుగు లక్షలు అట్లాగే ఉంది.

"ఎన్నొద్దుల సంది?"

"రెండేండ్లాయె."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె పరేషాన్ అయితవని."

"ఇప్పుడు నవ్వుకుంట కూసున్ననా?"

పక్క గదిలో మా బిడ్డ వింటోంది. డిగ్రీ చదువుతోంది అప్పుడు. బయటికి వచ్చి, "గిది పెద్ద పనేం గాదు బాపూ. బ్యాంకుకు వోయి కార్డు పోయిందని చెప్తె కొత్తది ఇస్తరు. పాతది ఇగ పనిచెయ్యది. ఆయన ఏం చేస్తడు?" అంది.

నాకు ఆ మాట తేనెలాగా అనిపించింది. రేపే పోదామనుకున్నాను. మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆయన, నేను ఒక్క జాగల పనిచేస్తం బిడ్డా. పైకప్పు చప్పుడు చేసిందనుకో, నన్ను రెక్క వట్టి గుంజేటిది ఆయనే. గసొంటి మనిషితోని మాట తప్పి మళ్ల బాయిల ఎట్ల దిగాలె?"

బయటివాళ్లకి ఇది పిచ్చితనం అనిపించవచ్చు. బొగ్గు ఊళ్లో కాపురం చేసేవాళ్లకి అనిపించదు. పొద్దున దిగిన మనిషి సాయంత్రం పైకి రావాలంటే పక్కవాడు కావాలి. వడ్డీ పిండుకునేవాడు, ప్రాణం కాపాడేవాడు ఒక్కడే అయితే దొంగదారిన పోవడానికి లేదు. ఆ రోజు నేను మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాను. ఆ కార్డు అప్పు తీరి, ఆయన చేత్తో ఆయన ఇస్తే, మా ఇంటికి రావాలి. అది వచ్చేదాకా మా ఆయనకి ఆదివారం లేదు. ఆదివారం మస్టరుకి, అంటే సెలవునాటి డ్యూటీకి, జీతం ఎక్కువ వస్తుందని మోకాళ్ల నొప్పితోనే వారానికి ఏడు రోజులూ దిగుతున్నాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవాడు, నేను చూస్తే వదిలేసేవాడు.

మరునాడు సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. నేను పుస్తకం తెమ్మనలేదు. "నువ్వు చెప్పు, నేను గుర్తువెట్టుకుంట" అన్నాను. ఆయన వేళ్ల మీద చెప్పాడు. కార్డాయన అప్పు, ఇంటి మీద బ్యాంకు అప్పు, కారు, జమానతు కోత, టీవీ ఫ్రిజ్జుల కిస్తు, కుదువలో ఉన్న నా గొలుసు.

"ఆరు" అన్నాడు.

"ఎనిమిది" అన్నాను. "మంచిర్యాల బట్టల దుకాణంల పోయిన బతుకమ్మకు తెచ్చిన చీరెల బాకీ ఎవలిస్తరు? మా అన్న ఇచ్చిన యాభై వేలు ఏడవోయినయ్?"

"మీ అన్నది గూడ అప్పేనా?"

"వడ్డీ అడుగకపోతె అప్పు గాకుండ వోతదా?"

మా బిడ్డ నవ్వింది. ఇన్నాళ్లూ ఆ ఎనిమిది మందికీ తలా కొంచెం ఇస్తున్నాం, ఎవరూ తగ్గడం లేదు. అప్పుడు నాకు మా వైపు పెళ్లి భోజనాలు గుర్తొచ్చాయి. వరుసగా ఆకులేసి కూర్చోబెడతారు కదా, దాన్ని బంతి అంటారు. చిన్నప్పటి నుంచి నేను వడ్డనలో ముందుండేదాన్ని. ఎనిమిది ఆకుల్లో తలా ఒక గరిటె వేసి పోతే ఎనిమిది మందీ మళ్లీ రమ్మని పిలుస్తూనే ఉంటారు, ఎవరూ లేవరు. ఒక ఆకుకి కడుపు నిండా వడ్డించి, మిగతావాళ్లకి అన్నం తగ్గకుండా చూసుకుంటే ఆ ఒక్కరు చెయ్యి కడుక్కుంటారు. ఒక మనిషి లేస్తే ఆయన గరిటె కూడా పక్కాయనకి మిగులుతుంది.

"ముందుగాల చిన్న ఆకు లేపుదాం" అన్నాను.

"అట్ల గాదవ్వా" అంది మా బిడ్డ. "ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు కట్టాలె. లెక్క ప్రకారం కార్డాయనదే."

"లెక్క నీదే కరెక్టు. కానీ నాలుగు లక్షల ఆకు నిండేదాక మీ బాపుకు ఓపిక ఉంటదా? ఒక్కడన్న లేచి పోంగ ఆయన కండ్లతోని చూడాలె."

మా ఆయన ఇద్దరినీ చూసి, "నేను గట్టిగ మాట్లాడేటోనికి ముందు ఇస్తుంటి" అన్నాడు. ఆ మాట ఆయన నవ్వుతూ చెప్పలేదు.

మొదట కారు అమ్మాం. దాని కిస్తులు పోను మిగిలిన దానితో బట్టల దుకాణం, టీవీ ఫ్రిజ్జుల బాకీ తీరిపోయాయి. ఒక్క వారంలో ముగ్గురు లేచారు. బట్టల దుకాణంలో ఆఖరి రూపాయి కట్టి బయటికి వచ్చాక మా ఆయన రోడ్డు మీద కాసేపు ఊరికే నిలబడ్డాడు. "ఇగ గీ దుకాణం ముంగట కెల్లి పోవచ్చు" అన్నాడు. ఆయన ఏడాది నుంచి చుట్టు తిరిగి వెనక సందులో నుంచి వస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

ఎదురింటావిడ ఊరుకుంటుందా?

"ఏందక్కా, కారు కనిపిస్తలేదు?"

"అమ్మినం."

"అయ్యో, ఏమాయె?"

"ఏం గాలే. అప్పు కట్టినం."

ఆవిడ నా మొఖం వైపు ఇంకేదో దొరుకుతుందేమోనని చూసింది. ఏమీ దొరకలేదు.

ఇట్లా అయిదారు నెలలు బాగా నడిచింది. బాగా నడిచిందంటే నా నోరు కూడా బాగా నడిచింది. ఎవరికైనా చాయ్ తాగించాడంటే అడిగేదాన్ని. అన్నీ నీ సంతకాల వల్లే అని రోజుకోసారి పొడిచేదాన్ని. ఆయన తల వంచుకుని పోయేవాడు. అప్పుడు జరిగింది నా సంగతి.

ఆసిఫాబాద్ దగ్గర మా ఆడబిడ్డ కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పోయాం. వెయ్యి నూట పదహార్లు పెడదామని ఇంట్లోనే అనుకున్నాం. భోజనాల తర్వాత కట్నాలు చదివించడం మొదలైంది. మా దగ్గర అది మైకులో చదువుతారు. ఎవరు ఎంత పెట్టారో ఆ వాడంతా వినాలి. మా తోడికోడలు వాళ్లది చిన్న కిరాణా కొట్టు. వాళ్లవి అయిదు వేలని చదివారు. మైకు పట్టుకున్నాయన నా దిక్కు తిరిగి, "ఇగ మా బాయి బావ వచ్చిండు, వినుండ్రి" అన్నాడు.

అందరూ తలలు తిప్పారు. నా సంచిలో మా అన్నకి ఇవ్వాల్సిన డబ్బు ఉంది. ఆయన కూడా ఆ భోజనాలకి వచ్చాడు, తిరిగి పోయేటప్పుడు చేతికి ఇద్దామని తెచ్చాను. నా చెయ్యి సంచిలోకి ఎట్లా పోయిందో నాకు తెలియదు. "పదివేల నూట పదహార్లు" అన్నాను. అది చాలదన్నట్టు వేలికున్న అర తులం ఉంగరం తీసి పళ్లెంలో పెట్టాను. మైకులో చదువుతుంటే చెవులకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయి చెయ్యి కడుక్కుని వచ్చేలోపే అయిపోయింది.

 బస్సులో మా ఆయన పక్కన కూర్చున్నాడు. సగం దారి దాకా నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చెంప మీద కొడతాడన్నట్టుగా భయపడ్డాను, ఆయన ఎన్నడూ కొట్టే మనిషి కాకపోయినా. చివరికి ఆయనే అన్నాడు.

"ఇప్పుడు ఎర్కయ్యిందా, నేను సంతకం ఎట్ల పెడ్తనో?"

నాకు ఏడుపు రాబోయి నవ్వు వచ్చింది.

"ఎర్కయ్యింది. చెయ్యి మనది గాదు అనిపిస్తది."

"ఆఁ. గంతే."

ఇద్దరం ఒకరినొకరం చూసుకోకుండా చాలాసేపు నవ్వుకున్నాం. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆ రోజు నుంచి నేను ఆయన్ని పొడవడం మానేశాను. ఇద్దరిదీ ఒక్కటే జబ్బు అని తెలిసినాక ఎవరు ఎవరిని తిడతారు? ఇద్దరం కలిసి ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరి శుభకార్యమైనా సరే నూట పదహార్లే. దానికి బదులు నేను రెండు రోజుల ముందు పోయి పొయ్యి దగ్గర నిలబడతాను. జమానతు అడిగేవాళ్లకి ఆయన చెప్పాల్సిన మాట కూడా నేర్పించాను. "ఇంట్ల అడిగి చెప్త" అనాలి. మగవాడు ఆ మాట అనడానికి సిగ్గుపడతాడు. ఆయన రెండుసార్లు అని చూశాడు, అడిగినవాళ్లు మూడోసారి రాలేదు.

పరీక్ష మా పుట్టింటి దగ్గరే వచ్చింది. మా అన్న మనవరాలికి వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించి, ఇంటి దగ్గర దావత్ పెట్టారు. నేను రెండు రోజుల ముందే పోయాను. బగారా అన్నం నా చేతిదే, మాంసం కూర నా చేతిదే. కట్నాల వేళకి కొంగుతో చెమట తుడుచుకుని మైకు దగ్గరికి పోయాను.

"నూట పదహార్లు" అన్నాను.

మైకాయన సరిగ్గా వినలేదనుకున్నాడు. "వెయ్యి నూట పదహార్లా అక్కా?"

"నూట పదహార్లే తమ్మీ. సాపుగ చదువు."

ఆయన గొంతు తగ్గించి చదివాడు. నాకోసమే తగ్గించాడు పాపం. మా వదినె మాత్రం తగ్గించలేదు. "బొగ్గుల దిగినోళ్లు బంగారం తెస్తరనుకున్నం, బూడిద తెచ్చిండ్రు" అంది, నలుగురూ వినేటట్టు.

"తెచ్చిన కదా వదినె, గిన్నెలు తోముకో. అద్దం లెక్క మెరుస్తయి" అన్నాను.

ఆడవాళ్లంతా పక్కున నవ్వారు. మా వదినె కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా. నా వెనక మరమగ్గాల వాడలో ఉండే ఒకామె చెంగు ముడి విప్పబోతూ ఆగింది. అందులో ఎంత కట్టుకొచ్చిందో నాకు తెలియదు. కొంత తీసి, కొంత మళ్లీ ముడేసుకుంది. "నాదీ నూట పదహార్లే రాసుకోండ్రి" అంది. వెళ్లేటప్పుడు నా భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి పోయింది. మా అన్న తను ఇచ్చిన యాభై వేలలో ఇంకా ఎంత రావాలో ఎన్నడూ అడగలేదు. ఆ సాయంత్రమే మిగిలింది ఆయన చేతిలో పెట్టాను. బంతిలో ఇంకో మనిషి లేచాడు.

తర్వాత నా గొలుసు కుదువ నుంచి వచ్చింది. మెడలో వేసుకున్నాను గానీ నాలుగు రోజులు అలవాటు కాలేదు. జమానతు కిస్తులు ముగిశాయి. లేచిన ప్రతివాడి గరిటె కార్డాయన ఆకులోకి మళ్లించాం. వడ్డీతో పాటు అసలు కూడా ఇస్తుంటే ఆయనే ఆశ్చర్యపోయాడట. "ఏందన్నా, లాటరీ తగిలిందా?" అని మా ఆయనని బాయిలో అడిగాడట. "ఇంట్ల వడ్డించేటోళ్లు మారిండ్రు" అని మా ఆయన చెప్పాడట.

బంతి లెక్క మొదలుపెట్టాక రెండో దసరా వచ్చింది. దసరా ముందు కంపెనీ లాభాల్లో వాటా పంచుతుంది. ఆ డబ్బు పడే రోజు మా ఊరిని చూడాలి. బట్టల దుకాణాలవాళ్లు రోడ్డు మీదికి పందిళ్లు వేస్తారు, బండ్ల షోరూముల ముందు బ్యాండు వాయిస్తారు. రెండు రోజుల్లో ఆ డబ్బంతా ఊళ్లోకే వచ్చి ఊళ్లోనే అయిపోతుంది. కార్డాయనకి మేము ఇవ్వాల్సింది ఇంకా లక్షన్నర చిల్లర. వాటా పడింది. పొద్దున తొమ్మిదింటికే, బజారులో పందిళ్లు నిండకముందే, ఇద్దరం ఆయన ఇంటికి పోయాం.

ఆయన వాకిట్లో బండి తుడుచుకుంటున్నాడు. సంచి చూసి సంగతి అర్థమైంది.

"పండుగ ముంగట ఎవలన్న గిట్ల కడ్తరా వదినె? పండుగ చేసుకోండ్రి. నేనేడికన్న పోతున్ననా?"

"నువ్వు ఏడికీ పోవు తమ్మీ. మా ఫికరంత గదే."

ఆయన పెద్దగా నవ్వాడు. వాళ్లావిడ చాయ్ తెచ్చింది. ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆ నెల వడ్డీ వెనక్కి ఇచ్చేశాడు. "పిల్లకు డ్రెస్సు తియ్యుండ్రి" అన్నాడు. లోపలికి పోయి మిఠాయిల డబ్బా ఒకటి తెచ్చాడు. మూత తీస్తే అందులో కార్డులే. ఎన్ని ఇండ్ల అన్నం అందులో ఉందో అనిపించి నేను మొఖం తిప్పుకున్నాను. ఆయన మా కార్డు వెతికి తీసి, వెనక అంటించిన నంబరు కాగితం గోరుతో గీకేసి, మా ఆయన చేతిలో పెట్టాడు.

"రేపు ఫస్ట్ షిఫ్టే గద అన్నా?"

"ఫస్టే. బస్సు కాడ ఉంట."

అంతే. ఇద్దరూ ఎప్పటిలాగే మాట్లాడుకున్నారు. ఏ దొంగదారీ పోనందుకు నాకు అప్పుడు కడుపు చల్లబడింది.

ఇంటి మీద బ్యాంకు అప్పు ఇంకా ఉంది. అది జీతంలో కోసుకుంటున్నారు. ఇంకా అయిదేండ్లు కోస్తారు. అది మాకు తెలిసిన మనిషే, మా ఇంట్లోనే కూర్చుని మెల్లగా తింటున్నాడు, తిననీ. ఆ తర్వాతి నెల జీతం పడినట్టు ఫోన్‌లో మెసేజీ వచ్చింది. మా ఆయన చాలాసేపు ఫోన్ చూస్తూ కూర్చున్నాడు.

"తియ్యాల్నా?" అని అడిగాడు.

"దేనికి?"

ఫోన్ పక్కన పెట్టాడు.  "ఏమో. అలవాటు" అన్నాడు.

ఆ ఆదివారం ఆయన డ్యూటీకి పోలేదు. పొద్దున అయిదింటికే మెలకువ వచ్చింది పాపం, ఏం చేయాలో తెలియక మంచం చుట్టూ తిరిగాడు. చివరికి నా పక్కన పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీశాడు. సగం ఈనెలు అట్లాగే ఉంచాడు. మా బిడ్డ మోకాళ్లకి వేడినీళ్ల సంచి తెచ్చి పెట్టింది. మధ్యాహ్నం తిని, ఫ్యాను కింద చాప మీద పడుకుని, నోరు తెరుచుకుని గుర్రు పెడుతూ సాయంత్రం దాకా నిద్రపోయాడు. నేను తలుపు దగ్గర కూర్చుని ఎవరినీ చప్పుడు చేయనివ్వలేదు.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ ఓపిక చల్లగా ఉండాలి. మీరు కష్టపడ్డ సొమ్ము మీ ఇంటికే అందాలి. మీ తలుపు తట్టేవాళ్లందరూ చుట్టాలే కావాలి, వసూలుకి వచ్చినవాళ్లు కాకూడదు. మీ ఇంట్లో పనికి పోయిన మనిషి పొద్దుగూకేసరికి నవ్వుకుంటూ తిరిగి రావాలి, ఆదివారం మీ అందరి మధ్య కడుపునిండా తిని కంటినిండా నిద్రపోవాలి.